మూడు రకాల చూద్దాం

ఆఫీసులో ఆమెను అందరూ గాలం అనేవారు. చిన్నవాళ్లు గాలం అక్కా అని పిలిచేవారు, మేనేజరు మర్యాద తగిలించి గాలంగారూ అనేవాడు. ఆ పేరుకి ఆమె ఎప్పుడూ నొచ్చుకోలేదు. ఉన్న ఉద్యోగంలో హాయిగా కూర్చున్న మనిషిని ఫోన్‌లో నాలుగు మాటలు చెప్పి లేపి, ఇంకో కంపెనీ కుర్చీలో కూర్చోబెట్టడమే పనైనప్పుడు, గాలం అనక గులాబీ అంటారా? ఇరవై రెండేళ్లుగా ఆమెకు అదే పని. ఉద్యోగం లేనివాళ్లని వెతకడం ఆమె లెక్కలో పనే కాదు. వాళ్లు పిలవకుండానే వస్తారు. కదలనివాణ్ణి కదిలించాలి, విద్యంటే అదీ.

ఆ ఆఫీసు టైర్ల దుకాణం మీద మూడో అంతస్తులో ఉంది. పదకొండు బల్లలు, పదకొండు హెడ్‌సెట్లు, గోడకి ఒక తెల్లబోర్డు. బోర్డు మీద ఎక్కడెక్కడ ఏయే ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయో రాసి ఉండేది. కింద టైర్లు బిగించే మిషను మోత వినబడకుండా కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచేవారు. కొత్తగా చేరినవాళ్లని మొదటి వారం ఫోన్ ముట్టుకోనిచ్చేవారు కాదు. గాలం పక్కన కూర్చుని వినడమే వాళ్ల పని.

"మనవాళ్లకి కాదు అనడం చేతకాదర్రా," అని మొదలుపెట్టేది ఆమె. "మొహమాటం. అందుకని చూద్దాం అంటారు. చూద్దాంలో మూడు రకాలున్నాయి, రాసుకోండి. అడిగీ అడగ్గానే తలుపేసినట్టు వచ్చే చూద్దాం మొదటి రకం. ఫోన్ పెట్టెయ్ తల్లీ అని దానర్థం. చూద్దాం చూద్దాం అని రెండుసార్లు అంటే రెండో రకం. ఇంట్లో అడగాలన్నమాట. ముందు ఒక ఊపిరి వినబడి, ఆ తర్వాత మెల్లగా ఒక్కటే చూద్దాం వచ్చిందనుకోండి, అది మూడో రకం. మనిషి వచ్చేసినట్టే. ఆ సంగతి ఇంకా వాళ్లకే తెలీదు."

పిల్లలు నవ్వేవారు గానీ, ఆమె చెప్పింది తప్పిన రోజు లేదు.

ఆమెకు ఇంకో రెండు అలవాట్లున్నాయి. ఒకటి, జాబితాలో ఉన్న మనిషిని పేరుతో పిలవదు. ఒకసారి ఎవరో జాబితాను కాఫీ మిషను దగ్గర మరిచిపోతే, పై అంతస్తు ఏజెన్సీవాళ్లు అందులో ఉన్న నలుగురినీ సాయంత్రానికల్లా ఎగరేసుకుపోయారు. అప్పట్నించీ ఆమె దగ్గర అందరూ నంబర్లే. మూడో నంబరు ఊగుతున్నాడు, తొమ్మిదో నంబరు మొండిఘటం, ఇలా. ఇక రెండోది, ఎవరైనా చివరి మెట్టు మీద తటపటాయిస్తే ఆమె వాడే మాట. "ఖాళీ అయిన కుర్చీ ఖాళీగా ఉండదమ్మా. జాలిపడి ఆగితే ఆగేది మన బండే." అందులో మొదటి సగం ఆమె సొంతం. రెండో సగం తండ్రిది.

తండ్రి ముప్ఫై నాలుగేళ్లు బస్సు కండక్టరుగా చేశాడు. మూటలెత్తుకుని దూరంగా పరిగెత్తుకొచ్చేవాళ్లని చూసి డ్రైవరు మెత్తబడితే ఆ మాట అనేవాడట. అని, తనే బస్సు ఆపించేవాడట. అదేం గొంతు! వెనక తలుపు దగ్గర కేకేస్తే సొంత డ్రైవరుకే కాదు, ఎదురు బస్సు డ్రైవరుకీ వినబడేది.

ఐదు నెలల కిందట ఒక పొద్దున, మొహం కడుక్కుంటూ ఆయన పక్కకి ఒరిగిపోయాడు. చెయ్యి నెలకి తిరిగొచ్చింది. నడక కర్ర సాయంతో వచ్చింది. మాట మాత్రం రాలేదు. ఉన్న మాటలన్నీ ఊడ్చిపెట్టుకుపోయి ఒక్కటి మిగిలింది. హోల్డాన్. బస్సు ఆపడానికి అరిచే మాట. అన్నం కావాలన్నా హోల్డాన్, చాలన్నా హోల్డాన్, ఫ్యాను వెయ్యమన్నా, ఆపమన్నా హోల్డానే. కూతుర్ని పిలవాలన్నా అదే.

"మామయ్యగారి బస్సు ఆగే ఉంది. జనం ఇంకా దిగుతూనే ఉన్నారు," అనేవాడు అల్లుడు. పెద్దాయన సగం మొహంతో నవ్వేవాడు. ఆయనకి అన్నీ అర్థమవుతాయి. చెప్పడమే రాదు. డాక్టరు మాత్రం మొహమాటం లేకుండా చెప్పేశాడు. "మొదటి ఏడాదిలో వచ్చిందే మాట. ఆ తర్వాత వచ్చేదంతా చుక్కచుక్కగానే." ఐదు నెలలు పోయాయి, ఇంక ఏడు నెలలున్నాయి. నోటిని నమ్ముకుని బతికే గాలానికి ఆ ఏడు నెలలంటే నిజంగా భయం. లోకంలో ఇన్ని మాటలుండగా, తన తండ్రి ఒక్క ఆగు అనే మాట పట్టుకుని వెళ్లిపోతాడేమోనని.

వారానికి మూడు రోజులు ఆయన్ని మాటలు నేర్పే చోటికి తీసుకెళ్లే పని అల్లుడిది. అల్లుడు ఇంట్లోనే కూర్చుని పుస్తకాలకు అచ్చుతప్పులు దిద్దుతాడు. కాలం ఆయన చేతిలోదే. అక్కడి థెరపిస్టుకి అల్లుడే మాటలమ్మ అని పేరు పెట్టాడు. ఇంట్లో అందరికీ అదే అలవాటైంది. ఆ అమ్మాయి అసలు పేరేమిటని ఎవరూ అడగలేదు. ఆయనా అడగలేదు, ఎదుటివాళ్ల పేరులో దీర్ఘం తప్పితే ఊరుకోని మనిషి!

"ఇరవై నిమిషాలకే టైమైపోయిందంటారే," అని రోజూ పెళ్లాం దగ్గర ఆయన గొణుగుడు. "మామయ్యగారి నోరు తెరుచుకునేదే పదిహేనో నిమిషంలో. ఆ మాటలమ్మ కూడా పాపం, గడియారం చూసి నిట్టూరుస్తుంది. రెండు నెలలుగా రైట్ అనిపించాలని చూస్తోంది. కండక్టరు కదా, ఆ మాట ఎక్కడో లోపల ఉండే ఉంటుందంటుంది. నువ్వోసారి రాకూడదూ?"

"చూద్దాం," అంది గాలం.

అది మొదటి రకం. ఆయన ఆ పాఠం వినలేదు గనక నమ్మాడు.

ఆ రోజుల్లోనే నాలుగు గంటల ప్రయాణం దూరంలో కొత్తగా కట్టిన ఒక పెద్ద ఆసుపత్రి నించి పని వచ్చింది. మాట పోయినవాళ్ల కోసం అక్కడ ఒక విభాగం పెడుతున్నారు. దాన్ని నడిపే థెరపిస్టు కావాలి, ఆరు వారాల్లో. జాబితాలో పదకొండు మంది తేలారు. మొదటి ఆరుగురూ మొదటి రకం. ఏడో నంబరు ఒక అమ్మాయి. గబగబా, నవ్వుతూ మాట్లాడే గొంతు. ఆమెదీ తలుపేసిన చూద్దామే. ఇంకొకరైతే గీత కొట్టేసేవారు. గాలం నాలుగు రోజులు ఆగి, మధ్యాహ్నం భోజనాల వేళ మళ్లీ చేసింది.

జీతం మాట ఎత్తలేదు, హోదా మాట ఎత్తలేదు. "ఒక్కటే అడుగుతానమ్మా. మీకు ఒక్కో రోగి దగ్గర ఎంతసేపు దొరుకుతుంది?"

అవతల నవ్వు ఆగిపోయింది. "ఇరవై నిమిషాలండీ."

"అక్కడ ముప్పావు గంట."

ఒక ఊపిరి వినబడింది. "చూద్దాం," అంది ఏడో నంబరు, మెల్లగా.

గాలం జాబితాలో ఏడు పక్కన టిక్కు పెట్టుకుంది. ఇంట్లో మొగుడి గొణుగుడు తీసుకొచ్చి ఎరగా గుచ్చింది మరి, పడక ఛస్తుందా?

మీకు సంగతి అర్థమైపోయిందని నాకు తెలుసు. ఆమెకు కాలేదు. అంత తెలివిగలదానికి కాలేదా అంటే, కాలేదు. ఇంట్లో మాటలమ్మ, ఆఫీసులో ఏడో నంబరు. పేరు ఇక్కడా లేదు, అక్కడా నోట రాదు. పనిచేసే చోటు కూడా జాబితాలో ఏదో ట్రస్టు పేరుతో ఉంది, బోర్డు మీద ఉన్న పేరుతో కాదు. పైగా ఊరంతా గాలం వేసేవాళ్లు, అది తమ పెరటి నూతిలో పడుతోందని ఎందుకనుకుంటారు?

మూడో వారంలో ఏడో నంబరు ఒప్పుకుంది. అపాయింట్‌మెంటు కాగితం వెళ్లింది. ఈ వృత్తిలో అసలు గండం అప్పుడే. కాగితం చేతికొచ్చాక, ఉన్నచోట రాజీనామా ఇచ్చేలోపు, మనిషి మనసు నీళ్లలో పడ్డ ఉప్పురాయి. అందుకని గాలం రోజు విడిచి రోజు ఫోన్ చేసి ధైర్యం నూరిపోసేది. ఒక రోజు ఏడో నంబరు గొంతు నీరసంగా ఉంది.

"సోమవారం ఇచ్చేద్దామనే అనుకుంటున్నానండీ. ఒక తాతగారున్నారు. ఒక్క మాట దగ్గర ఆగిపోయారు. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అన్నట్టుంటుంది. ఆయన..."

ఆయన ఎవరో, ఏ మాట దగ్గర ఆగిపోయాడో అడిగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. వినడమే వృత్తిగా బతికిన మనిషి సరిగ్గా అక్కడ వినడం మానేసింది. "ఖాళీ అయిన కుర్చీ ఖాళీగా ఉండదమ్మా," అంది తేనె పూసిన గొంతుతో. "మీరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారు. జాలిపడి ఆగితే ఆగేది మన బండే."

"అంతేనంటారా?"

"అంతే."

శుక్రవారం అల్లుడు మెట్లు దిగుతూ చివరి రెండు మెట్లు ఒకటే అనుకున్నాడు. మడమ వాచింది. శనివారం పెద్దాయన్ని తీసుకెళ్లక గాలానికి తప్పలేదు.

గది చిన్నది. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక అద్దం, గోడకి గడియారం. తలుపుకి పైసగం అద్దమే. మాటలమ్మకి ముప్ఫై ఏళ్లుంటాయేమో. "రండి తాతగారూ!" అని ఒక్కో అక్షరం ఎత్తిపెట్టినట్టు, నిదానంగా, బిగ్గరగా మాట్లాడుతోంది. ఈ గొంతు ఎక్కడో విన్నానే అనుకుంది గాలం. రోజుకు అరవై గొంతులు వినే మనిషికి అందరి గొంతులూ విన్నట్టే ఉంటాయి. మూలకుర్చీలో కూర్చుంది.

బల్ల మీద ఒక అట్టముక్క. దాని మీద పెద్ద అక్షరాలతో రైట్ అని రాసి ఉంది. మాటలమ్మ తన పెదవులు చూపించి, అద్దం చూపించి, "రైట్... ట్... ట్... నాలుక పైకి, తాతగారూ," అంటోంది. పెద్దాయన నాలుక ఆ ట దగ్గరికి వెళ్లి తచ్చాడి, తిరిగొచ్చి, "హోల్డాన్," అంటోంది. మళ్లీ అదే. మళ్లీ అదే. ఆయన నుదుటి మీద చెమట. గాలం కుర్చీ అంచుకి జరిగింది. వారానికి మూడు రోజులు నాన్న ఇక్కడ ఇంత కష్టపడుతున్నాడా? ఒక్కరోజైనా వచ్చి చూసిన పాపాన పోలేదు.

పన్నెండో నిమిషంలో మాటలమ్మ అట్టముక్క పక్కన పెట్టి, కుర్చీ ఆయన వైపు జరుపుకుంది.

"మీకొకటి చెప్పాలి తాతగారూ. అమ్మాయిగారు కూడా ఉన్నారు, మంచిదైంది. నేను సోమవారం రాజీనామా ఇస్తున్నాను. వేరే ఊరు వెళుతున్నాను. మీరేమీ దిగులుపడకండి. ఖాళీ అయిన కుర్చీ ఖాళీగా ఉండదు, ఇంకొకరొస్తారు."  తర్వాత పాఠం అప్పజెప్పినట్టు పూర్తి చేసింది. "జాలిపడి ఆగితే ఆగేది మన బండే అని ఒకావిడ చెప్పారు."

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడిందంటే ఇదే. గాలం కదల్లేదు. కదిలింది పెద్దాయన. ఆ మాట ఆయనది. లోకంలో ఆ మాట ఇద్దరే అంటారు, అందులో ఒకరికి నోరు లేదు. ఆయన మెడ తిప్పి కూతురి వంక చూశాడు. ఆ చూపుకి అనువాదం అక్కర్లేదు. తర్వాత చెయ్యి చాచి మాటలమ్మ కోటు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"హోల్డాన్," అన్నాడు.

ఇన్ని నెలల్లో ఆ మాట సరైన చోట పడింది అదే మొదటిసారి.

గాలం లేచి, ఇప్పుడే వస్తానని బయటికొచ్చింది. వరండాలో గోడకి ఆనుకుని ఫోన్ తీసింది. ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. వల వెయ్యడం తెలిసినవాళ్లకి తియ్యడం తెలీదా? ఒక్క వాక్యం చాలు. ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారమ్మా, క్షమించండి. రాజీనామా సోమవారం కదా, ఇంకా కొంపేమీ మునగలేదు. ఏడో నంబరు ఎప్పటిలా ఇరవై నిమిషాల దగ్గరే ఉంటుంది, నాన్నకి మాట వస్తుంది, ఎవరికీ ఏమీ తెలీదు. నంబరు నొక్కింది.

తలుపద్దంలోంచి కనబడుతోంది. బల్ల మీద ఫోన్ మోగింది. మాటలమ్మ దాని వంక చూసింది, ఎవరు చేశారో చూసింది, కళ్లు ఒక్క క్షణం వెలిగాయి. ఆ వెలుగు గాలానికి తెలిసిందే. ఇన్నాళ్లూ దాన్ని ఊపిరిలో వింది, కళ్లలో చూడలేదు. కోటు చెయ్యి ఇంకా పెద్దాయన పిడికిట్లోనే ఉంది. మాటలమ్మ ఎడమచేత్తో ఫోన్ బోర్లా పెట్టేసి ఆయన వైపు తిరిగింది. రోగి ముందుండగా ఫోన్ ఎత్తదు.

అది మోగి మోగి ఆగిపోయింది. గాలం మళ్లీ నొక్కలేదు. నొక్కాలని ఉంది, అది మాత్రం నిజం. గడియారంలో ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.

లోపలికొచ్చి, తండ్రి వెనక్కి వెళ్లి, ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో ఆయన బస్సులో వెనక తలుపు పక్క సీటు ఆమెది. ఎక్కేవాళ్లని లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం.

"నాన్నా," అంది. తేనె గొంతు కాదు, ఇంటి గొంతు. "అందరూ ఎక్కారు నాన్నా."

పెద్దాయన పిడికిలి వదల్లేదు.

"మూటలవాళ్లు కూడా ఎక్కేశారు. వెనక ఎవరూ లేరు. ఆవిణ్ణి వెళ్లనీ. అందరూ ఎక్కారు నాన్నా."

మొదట వేళ్లు వదులయ్యాయి. కోటు చెయ్యి జారిపోయింది. తర్వాత ఆయన అరచెయ్యి లేచి, బస్సు ఒంటిని చరిచినట్టు, బల్లని రెండుసార్లు చరిచింది.

"రై," అన్నాడు. గొంతు బొంగురుపోయి, ఎక్కడో మట్టిలోంచి పెళ్లగించినట్టు వచ్చింది. "రై... రై."

మాటలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లనిండా నీళ్లు, పైగా నవ్వు. "రైట్ కాదా! ఇన్ని నెలల్నించీ ఆ ట్ కోసం ఆయన ప్రాణం తీస్తున్నానే!"

"ఏ కండక్టరూ ట్ అనడమ్మా," అంది గాలం. "ఇక్కడికి ఒక్కరోజు వచ్చుంటే నేను చెప్పేదాన్ని. రాలేదు." కుర్చీ వీపు వదిలి ముందుకొచ్చింది. "మీకు ఫోన్లు చేసింది కూడా నేనే."

మాటలమ్మ ఆమె మొహం వంకా, బోర్లా ఉన్న ఫోన్ వంకా చూసింది. "ఇందాక చేసింది?"

"నేనే."

"ఎందుకు?"

"మిమ్మల్ని ఆపుదామని."

"మరి?"

"మీరు ఎత్తలేదుగా."

గంట మోగింది. ఇరవై నిమిషాలు అయిపోయాయి. బయట తర్వాతి రోగి చక్రాల కుర్చీలో కాచుకుని ఉన్నాడు. మాటలమ్మ అట్టముక్క మీద ట్ కొట్టేసి, పెద్దాయన జేబులో పెట్టింది. "మీరు ఇప్పుడు ఏమంటారు, వెళ్లమంటారా?" అని గాలాన్ని అడిగింది.

"ముప్పావు గంట అన్నది అబద్ధం కాదమ్మా," అంది గాలం. "వెళ్లండి."

దారి పొడుగునా ఆటోలో పెద్దాయన రై రై అంటూనే ఉన్నాడు. సిగ్నలు దగ్గర ఆటోవాడు అది తనని తొందరపెట్టడమనుకుని విసుక్కున్నాడు కూడా.

సోమవారం ఏడో నంబరు రాజీనామా ఇచ్చింది. తెల్లబోర్డు మీద ఆ గడి నిండింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. అదే రోజు మధ్యాహ్నం గాలం ఆ చిన్న గది నడిపేవాళ్లకి ఫోన్ చేసి, మీకు కొత్త మనిషిని నేను వెతికిపెడతాను, రోగికి అరగంటైనా ఇస్తారా అని అడిగింది. చూద్దాం అన్నారు. మొదటి రకం.

అయినా పాత జాబితా తీసింది. ఎనిమిది నించి పదకొండు దాకా మిగిలారు. ఈసారి నంబర్లు కొట్టేసి, పక్కన పేర్లు రాసుకుంది. ముగ్గురు కుదరదన్నారు. నాలుగో ఆవిడ నిదానంగా వింది. గాలం జీతం చెప్పలేదు, చెప్పుకోవడానికేమీ లేదు. ముప్పావు గంటా లేదు. ఖాళీ కుర్చీ మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఖాళీగా ఉండిపోయే కుర్చీలు కూడా ఉంటాయని ఇరవై రెండేళ్లలో మొదటిసారి తోచింది.

"మా నాన్నకి రెండు మాటలే వచ్చండీ," అంది చివరికి. "హోల్డాన్, రై. మూడోది కావాలి. ఏదైనా ఫరవాలేదు. ఇంకా ఆరు నెలలుంది."

 కింద టైర్ల మిషను మోగుతోంది. ఎవరో కిటికీ తెరిచిపెట్టారు.

"చూద్దామండీ," అంది ఆవిడ.

ఫోన్ పెట్టేశాక కూడా గాలం హెడ్‌సెట్ తియ్యలేదు. ముందు ఊపిరి వినబడిందా, లేక అది కింది మిషను చప్పుడా? కొస తెగినట్టుందా, సాగినట్టుందా? పక్కనున్న కొత్త పిల్ల పుస్తకం, కలం పట్టుకుని, "అక్కా, ఇది ఎన్నో రకం?" అని అడిగింది.

"తెలీలేదమ్మా," అంది గాలం.